రెండో పిలుపు

రాహేలు ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలైంది. ఎనభై ఏడో సంవత్సరం. తాటిపాకకు మూడు మైళ్ళ అవతల, కొబ్బరితోట కొట్టి చదును చేసిన జాగాలో గ్యాసు కోసం బావి తవ్వుతున్నారు. ఆకాశంలోకి లేచిన ఇనప రిగ్గు పక్కనే లారీ మీద తెచ్చి దింపిన ఒక తెల్లటి రేకుల గది ఉంది. అందులో ఏసీ, ఒక కంప్యూటరు, దాని ముందు రాహేలు. సైటు మొత్తానికి ఆడమనిషి ఆమె ఒక్కతే. రోజూ పొద్దున్న రాజోలు నుంచి బస్సులో తాటిపాక వచ్చి, అక్కణ్ణుంచి కంపెనీ జీపులో సైటుకు చేరేది. సాయంత్రం అయిదింటికి మళ్ళీ జీపు, మళ్ళీ బస్సు.

వాల్తేరులో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఏడాది పాటు కంప్యూటరు కోర్సు చదివింది. ఆ కంప్యూటర్లు తయారుచేసి సైట్లకు ఇచ్చే హైదరాబాదు కంపెనీయే ఆమెను ఇక్కడికి పంపింది. "సొంత ఊరు దగ్గర కదా, మీరైతే బాగుంటుంది" అన్నారు. సొంత ఊరి దగ్గర ఇలాంటి యంత్రం ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. మొదటి రోజు దాని స్విచ్చి వేసినప్పుడు అరచేతులకు పట్టిన చెమట ఆమెకు ఇంకా గుర్తుంది.

బావి తవ్వేటప్పుడు పైపు గుండా చిక్కటి మట్టినీళ్ళు లోపలికి పంపుతారు. అక్కడివాళ్ళు దాన్ని మడ్డు అంటారు. అది అడుగుదాకా వెళ్ళి, తొలిచిన రాతిపొడిని మోసుకుని పైకి వచ్చి, ట్యాంకులో పడుతుంది. ఎంత పంపితే అంతే తిరిగి రావాలి. అంతకన్నా ఎక్కువ వచ్చి ట్యాంకులో మట్టం పెరిగిందంటే, కింద గ్యాసు దాన్ని పైకి తోస్తోందని అర్థం. అప్పుడు బావి నోరు బిగించెయ్యాలి. ఆలస్యమైతే రిగ్గూ మిగలదు, మనుషులూ మిగలరు.

ఆ మట్టాన్ని కనిపెట్టడమే కంప్యూటరు పని. అందులో రెండు ప్రోగ్రాములు ఎప్పుడూ నడుస్తూ ఉండేవి. ఒకటి చూసేది. ట్యాంకులో తేలే ఫ్లోటుకు కట్టిన తీగ గుండా మట్టం ఎంతుందో అయిదు సెకన్లకోసారి చదివి ఒక ఫైల్లో రాసేది. రెండోది చెప్పేది. ఆ ఫైలు తెరిచి, లెక్కలన్నీ కాగితం మీద అచ్చు వేసి, మట్టం నాలుగు వేళ్ళు పెరిగితే రిగ్గు మీదున్న హారను మోగించేది. చిక్కల్లా ఒక్కటే. రెండోది ఆ ఫైలు రెండు నిమిషాలకోసారి మాత్రమే తెరిచి చూసేది. అంతకన్నా తరచుగా చూడమంటే యంత్రం ఊపిరాడక, మొదటిదాని పని కుంటుపడేది.

ఒకరోజు పదకొండు గంటలవేళ డ్రిల్లరు కొండలరావు గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. రాయవరం మనిషి. ఇరవయ్యేళ్ళుగా గుజరాత్‌లోనూ అస్సాంలోనూ రిగ్గుల మీద పనిచేసి, ఇప్పుడు సొంత జిల్లాకు వచ్చాడు. బూట్ల నిండా మడ్డు ఉంటే లోపలికి రాడు. మర్యాద తెలిసినవాడు.

"ఏవండీ అమ్మాయిగారూ, మీ మెషీను ఇందాక కూసిందండి."

"విన్నానండి. మట్టం పెరిగిందా అండీ?"

"పెరిగిందండి. నేను చూసేను. పక్క ట్యాంకులోంచి మనవాళ్ళే ఇటు తోడేరని తెలుసుకున్నాను. వాళ్ళని నాలుగు తిట్లు తిట్టేను. ఒకడు ఎదురు మాటాడితే ఇంకో రెండు తిట్టేను. వచ్చి టీ గ్లాసు చేత్తో పట్టుకున్నాను. అప్పుడు కూసిందండి మీ మెషీను. ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను."

రాహేలుకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"నిజంగా గ్యాసే అయ్యుంటే రెండు నిమిషాలంటే ఎంతో మీకు తెలుసాండీ?" అన్నాడు కొండలరావు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "ఆయ్, నేను వెళ్తానండి."

అతను వెళ్ళిన అరగంటకు అచ్యుతరామయ్యగారు పిలిపించారు. సైటుకు ఆయనే పెద్ద. మురమళ్ళ వైపు వేదపండితుల కుటుంబం. తండ్రి తన శిష్యులకు స్వరం చెప్పుకుంటే, ఈయన కాకినాడలో కెమిస్ట్రీ చదువుకుని మడ్డు చిక్కదనం చూసుకుంటున్నారు. ఎవరినీ కసురుకోరు. కానీ ఏ మాటైనా రెండుసార్లు అడుగుతారు. రెండోసారి కూడా అదే జవాబు వస్తేనే రాసుకుంటారు.

"కొండలరావు చెప్పింది విన్నానమ్మా. వచ్చే గురువారం రాజమండ్రి నుంచి పెద్దాఫీసర్లు వస్తున్నారు. ఈ యంత్రం ఉంచాలా, తిప్పి పంపాలా అని అడుగుతారు. నేనేం చెప్పమంటావు?"

"ఉంచమనే చెప్పండి సార్."

"ఉంచమని చెప్పమంటావు. రెండు నిమిషాల సంగతి?"

"చూస్తాను సార్" అంది.

ఆ మధ్యాహ్నం రాహేలు కంపెనీ ఇచ్చిన మాన్యువల్ తీసింది. అది జిరాక్సుకు జిరాక్సు తీసిన పుస్తకం. కొన్ని పేజీల్లో అక్షరాలు చీమలు పాకినట్టుండేవి. ఆ యంత్రాన్ని నడిపేది యూనిక్స్ అనే మూల ప్రోగ్రాము. అందులో ఒక ప్రోగ్రాము మొరాయిస్తే దాన్ని ఆపడానికి "కిల్" అనే ఆజ్ఞ ఉందని ఆమెకు తెలుసు. నడిచే ప్రతి ప్రోగ్రాముకూ యంత్రం ఒక నంబరు ఇస్తుంది. కిల్ అని కొట్టి ఆ నంబరు కొడితే అది చచ్చిపోతుంది. కోర్సులో చెప్పింది అంతే. ఆమె రోజూ వాడేదీ అంతే.

ఆ రోజు మాత్రం ఆ పేజీ పూర్తిగా చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

ఆ ఆజ్ఞకు చంపడం అని పేరు పెట్టారే గానీ, అది చేసే పని చంపడం కాదు. ఒక ప్రోగ్రాముకు ఒక అంకె పంపుతుంది, అంతే. దాన్నే సిగ్నల్ అంటారు. తొమ్మిదో అంకె వస్తే మాత్రం ఏ ప్రోగ్రామైనా చచ్చి తీరాలి, దానికి తిరుగు లేదు. మిగతావాటిలో చాలా వాటిని అందుకుని, తనకు తోచిన పని చెయ్యొచ్చు. ఫలానా అంకె వస్తే ఫలానా పని చేస్తానని ప్రోగ్రాము ముందుగా యంత్రానికి చెప్పి ఉంచుకుంటే చాలు. నిద్రపోతున్నా సరే, సిగ్నల్ రాగానే లేచి ఆ పని చేస్తుంది. పైగా వాడుకునేవాళ్ళ ఇష్టానికి రెండు సిగ్నళ్ళు ఖాళీగా వదిలేశారట!

రాహేలు లేచి నిలబడింది. గదిలో ఎవరూ లేరు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరిగింది. చెప్పే ప్రోగ్రాము రెండు నిమిషాలకోసారి లేచి ఫైలు చూడక్కర్లేదు. హాయిగా పడుకోవచ్చు. చూసే ప్రోగ్రామే మట్టం పెరిగిన క్షణంలో దాన్ని పిలుస్తుంది. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పిలుస్తుంది!

కూర్చుని రెండు చిన్న ప్రోగ్రాములు రాసింది. ఒకటి ఏ పనీ లేకుండా పడుకుని ఉంటుంది. పిలుపొస్తే తెర మీద ఒక మాట వేస్తుంది. ఏ మాట వెయ్యాలా అని ఆలోచిస్తుంటే కొండలరావు గుర్తొచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లోనే "ఆయ్" అని రాసింది. రెండోది దానికి సిగ్నల్ పంపుతుంది. రెండిటినీ నడిపించి, మీట నొక్కింది.

తెర మీద "ఆయ్" అని వచ్చింది.

"వచ్చింది!" అని ఒక్క కేక పెట్టింది. బయట పైపులు మోస్తున్నవాళ్ళు ఏమైందోనని తొంగిచూశారు.

ఇంటికెళ్ళేదాకా ఆగలేకపోయింది. బస్సు దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళింది. తల్లి మరియమ్మగారు మిషన్ స్కూల్లో టీచరు. వసారాలో కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు.

"అమ్మా, చంపడమంటే చంపడం కాదే! పిలవడమే!"

మరియమ్మగారు ఎర్రపెన్సిలు ఆపి కూతురి మొహంలోకి చూశారు. "ఎవరిని చంపేరే?"

"ప్రోగ్రాముని."

"అక్కడ గ్యాసు తవ్వుతున్నారనుకున్నాను, ఇదేం ఉద్యోగమే తల్లీ" అన్నారావిడ. కానీ కూతురు అన్నం తింటూ, ఎడమచేత్తో గాలిలో బొమ్మలు గీస్తూ చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు. చివరికి, "అంటే పడుకున్నవాణ్ణి గడియకోసారి లేచి చూడమనడం మానేసి, పనున్నప్పుడు లేపుతావన్నమాట" అన్నారు.

"అంతేనమ్మా! అదే!"

"మరి ఇన్నాళ్ళూ అలా ఎందుకు చెయ్యలేదుటే ఆ హైదరాబాదువాళ్ళు?"

ఆ ప్రశ్నకు జవాబు శుక్రవారం దొరికింది.

శుక్రవారం ఉదయానికి రాహేలు అసలు ప్రోగ్రాములు రెండూ మార్చేసింది. బావి తవ్వకం ఆపి పైపులు మార్చుకునే వేళ చూసుకుని, అచ్యుతరామయ్యగారినీ కొండలరావునూ పిలిచింది. "కొండలరావుగారండీ, ట్యాంకు దగ్గరికెళ్ళి ఫ్లోటుని చేత్తో నాలుగు వేళ్ళు పైకెత్తండి."

కొండలరావు వెళ్ళి మోచేతి దాకా మడ్డులో పెట్టి ఫ్లోటు ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే రిగ్గు మీద హారను భోరుమంది. పైన పనిచేస్తున్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. కొండలరావు మొహం విప్పారింది.

"ఓరి నీ!" అని అరిచాడు. "ఇంకోసారండీ, ఇంకోసారి!"

"ఎత్తండి!"

ఫ్లోటు దింపి, మళ్ళీ ఎత్తాడు.

నిశ్శబ్దం.

ఇంకా పైకెత్తాడు. ఏమీ లేదు. రాహేలు గదిలోకి పరుగెత్తి నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెర మీదకు తెచ్చింది. చూసే ప్రోగ్రాము ఉంది. చెప్పేది లేదు. చచ్చిపోయింది.

అచ్యుతరామయ్యగారు ఆమె వెనకే వచ్చి నిలబడ్డారు. ఆ జాబితాను రెండుసార్లు చదివారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "పాతది రెండు నిమిషాలు ఆలస్యంగానైనా చెప్పేదమ్మా. ఇది ఒకసారి చెప్పి ఊరుకుంటోంది."

"పాతదే పెట్టేస్తాను సార్, ఇప్పుడే." అంది రాహేలు.

"పెట్టెయ్యి. ఇది ఎందుకలా అయిందో చూడు. గురువారం దాకా టైముంది."

కొండలరావు చేతులు కడుక్కుంటూ, "మొదటిసారి మాత్రం అదరగొట్టేసిందండి" అన్నాడు ఓదార్పుగా. ఆ మాటకు రాహేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెర వైపు తిరిగి కూర్చుంది.

పాత ప్రోగ్రాము మళ్ళీ పెట్టి, తన చిన్న ప్రోగ్రాములు తీసింది. నిజమే. మొదటి పిలుపుకు "ఆయ్" అంటోంది. రెండో పిలుపుకు చచ్చిపోతోంది. ఇరవైసార్లు చూసింది. ఇరవైసార్లూ అంతే. మొన్న ఒక్కసారి పలకగానే సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తింది. రెండోసారి నొక్కి చూడాలన్న బుద్ధి పుట్టలేదు!

శనివారం, సోమవారం అదే పని. ఆదివారం గుళ్ళో పాదిరిగారి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. పిలుపు అందుకున్నాక చేసే పనిలో తప్పుందేమోనని ఒక్కో లైనూ తీసేసి చూసింది. ఆఖరికి అందులో ఒక్క లైను కూడా మిగల్లేదు. పిలుపు అందుకుని ఏమీ చెయ్యకుండా ఊరుకునే ప్రోగ్రాము కూడా రెండోసారికి చచ్చింది. అంటే తప్పు ఆ పనిలో లేదు. మరెక్కడుంది?

మంగళవారం పొద్దున్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఒక ఆలోచన తట్టింది. సిగ్నల్ వస్తే ఏం చెయ్యాలో ప్రోగ్రాము ముందే చెప్పి ఉంచుకుంది కదా. మొదటి పిలుపు వచ్చాక ఆ మాట అలాగే ఉందా, మారిందా? యంత్రాన్నే అడిగితే సరి. అయితే ఊరికే అడగడానికి వీల్లేదు. కొత్తగా ఒక మాట చెబితే, ఇంతకుముందున్న మాట ఏమిటో తిరిగి చెబుతుంది. సరే, ఉన్న మాటే మళ్ళీ చెప్పి, తిరిగొచ్చినదాన్ని తెర మీద వేయిస్తే తెలిసిపోతుంది.

గదిలోకి వెళ్ళగానే, "ఆయ్" అనే ప్రోగ్రాములో పిలుపు అందుకున్నాక చేసే పనికి ఆ ఒక్క లైనూ చేర్చింది. మీట నొక్కింది.

"ఆయ్" అని వచ్చింది. దాని పక్కన సున్నా వచ్చింది.

సున్నా! అంటే తను చెప్పి ఉంచిన మాట అక్కడ లేదు. ఎవరో తుడిచేశారు. ఎవరు తుడిచారా అని ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ రెండోసారి నొక్కింది.

"ఆయ్". సున్నా.

రాహేలు తెర వైపు చూస్తూ ఉండిపోయింది. చావలేదేమిటి? మూడోసారి నొక్కింది. ఆయ్. నాలుగోసారి. ఆయ్. పదిసార్లు నొక్కింది, పదిసార్లూ పలికింది. రోగం కనిపెడదామని గుచ్చి చూస్తే రోగమే మాయమైంది!

అప్పుడు వెలిగింది. అడగడం కోసం తను ఆ మాట మళ్ళీ చెప్పింది. అందుకే బతికింది!

మాన్యువల్ లాక్కుని సిగ్నళ్ళ పేజీ తీసింది. జిరాక్సులో సగం చెరిగిపోయిన ఒక చిన్న వాక్యం. భూతద్దం పెట్టి కూడబలుక్కుని చదివింది. సిగ్నల్ అందగానే, ఆ ఏర్పాటు రద్దయి మొదటి స్థితికి వస్తుందని రాసి ఉంది. మొదటి స్థితి అంటే, ఆ సిగ్నల్ వస్తే చచ్చిపోవడం. ఒకసారి చెప్పిన మాట ఒక పిలుపుకే చెల్లుతుంది. రెండో పిలుపుకు మళ్ళీ చెప్పుకోవాలి. ఎవరి తప్పూ లేదు. అది దాని పద్ధతి. పద్ధతి తెలియక తనే ఒక లైను తక్కువ రాసింది.

ఒక్క లైను! నాలుగు రోజులు నిద్ర లేకుండా చేసింది ఒక్క లైను!

తలుపు తోసుకుని బయటికొచ్చి, ఎండలో, మడ్డు తొక్కుకుంటూ అచ్యుతరామయ్యగారి టెంటు దాకా పరుగెత్తింది. చెప్పుల్లో ఒకటి దారిలో ఊడిపోయింది.

"దొరికింది సార్! పిలుపందుకోగానే మొట్టమొదట మళ్ళీ చెప్పుకోవాలి సార్, ఆ తర్వాతే హారను మోగించాలి! ఇప్పుడు పదిసార్లు పిలిస్తే పదిసార్లూ పలుకుతోంది!"

ఆయన కళ్ళజోడు తీసి ఆమె మొహం చూశారు. ఆయన మొహంలో కూడా ఏదో వెలుగు వచ్చింది. కానీ అడగాల్సింది అడిగారు.

"పిలుపు అందుకుంది. మళ్ళీ చెప్పుకోబోతోంది. ఇంకా చెప్పుకోలేదు. సరిగ్గా ఆ మధ్యలో రెండో పిలుపొస్తే?"

రాహేలు మనసులో లెక్క వేసుకుంది. ఆ సందు రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా ఉంది.

"చచ్చిపోతుంది సార్" అంది నిజాయితీగా.

"చచ్చిపోతుందా?"

"ఆయ్, చచ్చిపోతుందండి."

లాగ్ పుస్తకం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చిన కొండలరావు అక్కడే నిలబడి ఇదంతా వింటున్నాడు.

"నాకు తెలీకడుగుతానండి అమ్మాయిగారూ" అన్నాడు. "ఆ పిలిచేది ఊరికే పిలుచుకుంటూ పోతుందాండీ? అవతలివాడు పలికేడా లేదా చూసుకోదా?"

"చూసుకోదండి. పిలిచి తన పని తను చేసుకుంటుంది."

"మరి అలాగైతే ఎలాగండీ! నేను కింద నుంచి 'పైపు వదలరా' అని అరుస్తాను. పైన తొంభై అడుగుల మీద ఉన్నవాడు 'వదిలేనండీ' అని తిరిగి అరవాలి. వాడు అరిచేదాకా నేను లివరు ముట్టుకోను, రెండో మాట అనను. ఎంతకీ పలక్కపోతే వాడికేదో అయిందని నేనే నిచ్చెనెక్కుతాను."

రాహేలు అతని వైపు తిరిగింది. ఖాళీగా ఉన్న సిగ్నళ్ళు రెండు కదా! ఒకటి పిలవడానికి వాడుతోంది. రెండోది?

"కొండలరావుగారండీ!" అంది. వచ్చినంత వేగంగానే వెనక్కి పరుగెత్తింది. దారిలో పడిన చెప్పు కొండలరావే తీసుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు.

బుధవారం మధ్యాహ్నానికి కొత్త పద్ధతి సిద్ధమైంది. చూసే ప్రోగ్రాము మొదటి సిగ్నల్ పంపి పిలుస్తుంది. చెప్పే ప్రోగ్రాము ముందు మళ్ళీ చెప్పుకుని, హారను మోగించి, రెండో సిగ్నల్ పంపి పలుకుతుంది. అలా పలికేదాకా చూసే ప్రోగ్రాము ఇంకో పిలుపు పిలవదు. పది సెకన్లలో జవాబు రాకపోతే అవతలిది చచ్చిందని లెక్క. అప్పుడు హారను తనే మోగించి, చెప్పే ప్రోగ్రామును మళ్ళీ కొత్తగా నిలబెడుతుంది. కొండలరావు ఫ్లోటు ఎత్తి, దింపి, ఎత్తి, దింపి, నలభైసార్లు మోగించాడు. నలభై ఒకటోసారి, చెప్పే ప్రోగ్రామును రాహేలే తొమ్మిదో సిగ్నల్ పంపి చంపేసింది. "ఇప్పుడెత్తండి!" అంది. పది సెకన్లు గడిచాయి. హారను మోగింది.

అచ్యుతరామయ్యగారు గడియారం చూసుకుని, "మళ్ళీ చంపు" అన్నారు. మళ్ళీ చంపింది. మళ్ళీ మోగింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు.

గురువారం పది గంటలకు ఆఫీసర్లు ఇద్దరు రావాలి. రావులపాలెంలో టైరు పంక్చరై ఆగిపోయామని కబురొచ్చింది. తవ్వకం మామూలుగా సాగుతోంది. పదకొండూ ఇరవైకి రాహేలు ప్రింటరులో కాగితం సర్దుతోంది. తెర మీద ఒక వరస కదిలింది.

పిలిచింది. పలికింది.

అదే క్షణంలో రిగ్గు మీద హారను భోరుమంది.

ఫ్లోటు ఎవరూ ఎత్తలేదు. రాహేలు కిటికీలోంచి చూసింది. ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. పైన కొండలరావు చెయ్యెత్తి ఏదో అరుస్తున్నాడు. పైపు తిరగడం ఆగింది. పంపు చప్పుడు ఆగింది. పంపు ఆపాక పైకొచ్చే మడ్డు కూడా ఆగిపోవాలి. అది చూసి రమ్మని కొండలరావు ఒక మనిషిని, మడ్డు ట్యాంకులోకి పారే కాలువ దగ్గరికి పరుగెత్తించాడు. ఆ మనిషి ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నాడు.

రాహేలు కళ్ళు తెర మీదకు వచ్చాయి. మట్టం అంకె పెరుగుతోంది. అయిదు సెకన్లకు ఒక గీత. ఇంకో గీత. ఇంకో నాలుగు వేళ్ళు పెరిగితే రెండోసారి పిలవాలి. రెండో పిలుపు! చేతులు రెండూ బల్ల అంచును పట్టుకున్నాయి. "పలుకు, పలుకు, పలుకు" అని పైకే అంది.

పిలిచింది.

పలికింది.

హారను రెండోసారి మోగింది. కాలువ దగ్గరికి వెళ్ళిన మనిషి నోరు విప్పకముందే కొండలరావు లివరు లాగాడు. రిగ్గు అడుగున బావి నోటికి బిగించిన పెద్ద వాల్వులు ధడధడమని మూసుకున్నాయి. గది నేల కాళ్ళ కింద అదిరింది. రిగ్గు మీదున్నవాళ్ళంతా గేజీ వైపు తిరిగారు. ప్రెషరు గేజీ ముల్లు పైకి లేచి, లేచి, ఒకచోట నిలబడింది. అక్కడే ఉండిపోయింది.

"నిలిచింది!" అని పైనుంచి ఎవరో అరిచారు. అప్పుడు సైటు మొత్తం ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది.

రాహేలు కుర్చీలో కూలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో ఆమెకే తెలీదు. ఆపుదామంటే ఆగలేదు.

సాయంత్రం దాకా చిక్కటి మడ్డు కలిపి, నెమ్మదిగా బావిలోకి పంపి, గ్యాసును అదుపులోకి తెచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆఫీసర్లు రెండు గంటలకు చేరి, యంత్రం సంగతి అడగబోతే కొండలరావు వాళ్ళకు అడ్డం వచ్చి, జరిగినదంతా చేతులు ఊపుకుంటూ మూడుసార్లు చెప్పాడు. "మరి పాత లెక్కన రెండు నిమిషాలు ఆలస్యమయ్యుంటే ఏమయ్యేదయ్యా?" అని ఒకాయన అడిగాడు.

"ఆ మాట మీరడక్కండి, నేను చెప్పనండి" అన్నాడు కొండలరావు.

అచ్యుతరామయ్యగారు లాగ్ పుస్తకంలో పదకొండూ ఇరవై, పదకొండూ ఇరవై ఒకటి అని రెండు టైములూ రాసి, వాటి ఎదురుగా రాహేలు పేరు పూర్తిగా రాశారు. "ఇలాంటి యంత్రాలు ఇంకా ఎన్ని సైట్లలో ఉన్నాయమ్మా?" అని అడిగారు.

"ఇంకో మూడింట్లో ఉన్నాయి సార్."

"మూడు. వాటిల్లో ఇంకా రెండు నిమిషాల పద్ధతేనా?"

"ఆయ్, అదేనండి."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? జీపు తీసుకెళ్ళు. ఉత్తరం రాస్తే వారం పడుతుంది."

తాటిపాక పోస్టాఫీసులో ట్రంకాల్ బుక్ చేసి, బల్ల మీద కూర్చుని, అరగంట కాలు ఊపుతూ గడిపింది. హైదరాబాదు దొరికింది. ఆ ప్రోగ్రాములు మొదట రాసిన సోమేశ్వరరావుగారే ఫోను ఎత్తారు. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. రాహేలు రెండు ముక్కల్లో జరిగింది చెప్పింది.

"మేమూ సిగ్నలే పెట్టి చూశామమ్మా అప్పట్లో" అన్నారాయన. "రెండోసారికి చచ్చిపోతోంటే, యంత్రంలోనే ఏదో లోపమనుకుని వదిలేశాం. ఏం చేశావు? చెప్పు, రాసుకుంటాను."

రాహేలు కాగితం విప్పి ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టింది. "ఎస్, ఐ, జి, ఎన్, ఏ, ఎల్... బ్రాకెట్టు తెరవండి సార్... కాదు, తెరవండి, మూయడం తర్వాత..." పోస్టాఫీసుకు కార్డులు కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేసి చుట్టూ చేరారు. మూడు నిమిషాలైందని ఎక్స్ఛేంజి ఆపరేటరు లైనులోకి వచ్చింది. పొడిగించమంది రాహేలు. మళ్ళీ మూడు నిమిషాలు. మళ్ళీ పొడిగించమంది. లైనులో గరగర పెరిగింది.

"ఆ చివర ఏమన్నావు? వినపడలేదు!" అని సోమేశ్వరరావుగారు అరుస్తున్నారు.

"సెమీకోలన్ సార్! సెమీకోలన్!"

"ఏంటీ?"

అప్పుడు మధ్యలోంచి ఆపరేటరు గొంతు ఖంగుమంది. "సార్, అమ్మాయిగారు సెమీకోలనంటున్నారండి. చుక్క పెట్టి, కింద కామా పెట్టుకోమంటున్నారు. పెట్టేరా అండీ? ఆయ్. ఇప్పుడు రెండో లైను చెప్పండమ్మా, నేను వింటున్నాను."